కాలనీ వీధుల్లో వేగ పరిమితిని 30కి తగ్గిస్తే జనం నడుస్తారా, సైకిల్ తొక్కుతారా?

ఇళ్ల మధ్య వీధుల్లో వేగ పరిమితిని గంటకు 30 కిలోమీటర్లకు తగ్గిస్తే పిల్లలు మళ్లీ సైకిళ్ల మీద బడికి వెళ్తారా, లేక అది ఎవరూ చదవని బోర్డుగా మిగిలిపోతుందా అని మీరు అడిగారు. నెల్లూరులో మినీ బైపాస్‌కు దగ్గరగా ఉన్న ఒక కాలనీలో చాలా ఏళ్లుగా ఉంటున్నవాడిగా నా అభిప్రాయం చెబుతాను: పరిమితి తగ్గించవలసిందే, అయితే దానితో పాటు వీధి తీరును మార్చకపోతే ఫలితం కనిపించదు.

2018 ఏప్రిల్‌లో కేంద్రం ప్రకటించిన గరిష్ఠ వేగాల ప్రకారం పురపాలక పరిధిలోని రోడ్లపై కారు 70, మోటార్‌సైకిల్ 60, ఆటో 50 కిలోమీటర్ల వేగం దాకా వెళ్లవచ్చు. అంటే ఇరవై అడుగుల వీధిలో ముగ్గులు తొక్కుకుంటూ 55లో దూసుకుపోయే కుర్రవాడు, అక్కడ వేరే పరిమితి లేనంతవరకు, వేగం విషయంలో చట్టాన్ని మీరనట్టే (నిర్లక్ష్యంగా నడిపాడన్న కేసు వేరే సంగతి). మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన సంస్థ గానీ ఒక ప్రాంతానికో ఒక రోడ్డుకో ఇంతకంటే తక్కువ పరిమితి విధించి బోర్డులు పెట్టించవచ్చు. కాలనీ సంఘం సొంతంగా రాయించిన బోర్డుకు ఆ బలం లేదు. మా వీధి మొదట్లో అలా పెట్టిన బోర్డుకు ఇప్పుడు ఒక ట్యూషన్ సెంటర్ ప్రకటన వేలాడుతోంది.

30కీ 50కీ తేడా ఎంత అని అడిగేవారికి ఈ లెక్క చెప్పండి. మనిషిని చూసి బ్రేకు వేయడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, పొడి రోడ్డు మీద 30లో వస్తున్న కారు సుమారు 13 మీటర్లలో ఆగుతుంది, 50లో వస్తున్నదానికి సుమారు 28 మీటర్లు కావాలి. మన ఇళ్ల గేట్లు నేరుగా రోడ్డు మీదికే తెరుచుకుంటాయి కనుక, బంతి కోసం పరుగెత్తుకొచ్చే పిల్లవాడికి ఆ పదిహేను మీటర్లే కీలకం. పోనీ, 300 మీటర్ల వీధిని 50లో దాటినవాడికి కలిసివచ్చేది 14 సెకన్లు మాత్రమే.

మా వీధిలో మొదట గుత్తేదారు నిటారు అంచులతో సిమెంటు దిమ్మలు పోసి వాటినే స్పీడ్ బ్రేకర్లన్నాడు. ఒక పెద్దాయన స్కూటరు మీద నుంచి పడ్డారు. అంతకంటే అన్యాయం ఏమిటంటే, దిమ్మలను తప్పించుకోవడానికి బళ్లన్నీ కాలువ అంచు వెంట, అంటే సరిగ్గా జనం నడిచే చోటు మీదుగా పోసాగాయి. తరువాత వాటిని కొట్టించి, రోడ్లకు ప్రమాణాలు నిర్దేశించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నమూనాలో, 3.7 మీటర్ల వెడల్పుతో, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తుతో, కాలువ అంచు దాకా వేశారు. ఆ కొలతలు సుమారు 25 కిలోమీటర్ల వేగానికి ఉద్దేశించినవి. బైపాస్ వైపు మలుపును కూడా సిమెంటు తొట్లతో ఇరుకు చేయడంతో, రద్దీ వేళ మా వీధిని అడ్డదారిగా వాడుకునే కార్లు, ఆటోలు బాగా తగ్గాయి. నా దృష్టిలో అన్నింటికంటే ఎక్కువ పని చేసింది ఇదే.

ఇప్పుడు సాయంత్రాలు ఆడవాళ్లు గుంపుగా నడుస్తున్నారు, హైస్కూలు పిల్లలు ట్యూషన్లకు సైకిళ్ల మీద వెళ్తున్నారు. అయినా రోడ్డు మీదికి పొడుచుకొచ్చిన ఇంటి ర్యాంపులు, వాటి పక్కన నిలిపిన కార్లు, మూతలు లేని కాలువల వల్ల నడక ఇంకా వీధి నడిమధ్యనే సాగుతోంది. ర్యాంపుల మాట ఎత్తితే పొరుగువాళ్లతో తగవు వస్తుందని ఎవరూ ఎత్తరు. రోహిణీ కార్తెలో పగలు సైకిల్ తొక్కమని ఏ పరిమితీ ఒప్పించలేదు.

ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరం 1992లోనే ఇళ్ల మధ్య వీధులకు 30 పరిమితి పెట్టింది. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2023 సెప్టెంబరులో 20 మైళ్ల (సుమారు 32 కిలోమీటర్ల) పరిమితి తెచ్చినప్పుడు పెద్ద రోడ్లు కూడా అందులోకి వచ్చాయని గట్టి వ్యతిరేకత లేచింది, తరువాత మరిన్ని రోడ్లను మినహాయించే వీలు కల్పించారు. అందుచేత మీరు ట్రంకు రోడ్డు, బస్సులు తిరిగే రోడ్ల జోలికి పోకుండా లోపలి వీధుల వరకే అడగండి. వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి, దాని నకలును సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇవ్వండి. అందులో 112వ సెక్షన్‌ను, స్పీడ్ బ్రేకర్ కొలతలను, ఇరుకు చేయవలసిన మలుపును విడివిడిగా రాసి, వీధి పటం ఒకటి జత చేయండి.