డేటింగ్ యాప్ ప్రాజెక్టు మానొద్దు, స్క్రీన్లు కాసేపు పక్కన పెట్టండి

ప్రశ్న: డిగ్రీ అయ్యాక యూఎక్స్ డిజైన్ (యాప్‌లు వాడేవాళ్లకు సులువుగా ఉండేలా రూపొందించే పని) కోర్సు చేశాను. పోర్ట్‌ఫోలియో (ఉద్యోగానికి చూపించే పనుల సంకలనం) కోసం పేరున్న ఒక డేటింగ్ యాప్‌ను రీడిజైన్ చేశాను. రంగులు, ఫాంట్లు మార్చాను. మ్యాచ్ కాగానే, అంటే ఇద్దరూ ఒకరినొకరు లైక్ చేయగానే, వాయిస్ నోట్ పంపే వీలు, ఇద్దరి అభిరుచులు ఎంత కలిశాయో చూపే స్కోరు కొత్తగా పెట్టాను. మొత్తం 40 స్క్రీన్లు అయ్యాయి. ఇంటర్వ్యూకు వెళ్తే 'స్క్రీన్లు బాగున్నాయి, కానీ ఈ మార్పులు కావాలని ఎవరన్నారు?' అని అడుగుతున్నారు. జవాబు చెప్పలేకపోతున్నాను. నాన్నగారేమో టాపిక్కే బాగాలేదు, వేరేది చేసుకో అంటున్నారు. ప్రాజెక్టు మార్చాలా, ఇదే బాగు చేసుకోవాలా? ఈలోగా ఉద్యోగాలకు అప్లై చేయొచ్చా?

జవాబు: మార్చొద్దు. మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసినవాళ్లు టాపిక్‌ను తప్పుపట్టలేదు, మీ డిజైన్‌నూ తప్పుపట్టలేదు. ఆ మార్పుల వెనక మనుషులెవరూ కనబడలేదన్నారు, అంతే. వాయిస్ నోట్ ఉంటే బాగుంటుందని మీకు అనిపించింది, పెట్టారు. అది మంచి ఆలోచనే కావచ్చు. కానీ ఫ్రెషర్‌ను తీసుకునేటప్పుడు ఐడియా ఎంత బాగుందన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆ ఐడియా ఎక్కడి నుంచి పుట్టింది, అది పనిచేయదని తేలితే వదులుకోగలరా అన్నదే చూస్తారు. అది చూపించడానికి మీ టాపిక్ చాలా అనువైనది.

ఎందుకంటే మిగతా యాప్‌లలో చాలావరకు మనిషి మళ్లీ మళ్లీ రావాలని కోరుకుంటాయి, వచ్చేవాళ్లకూ చాలాసార్లు దానితో ఇబ్బంది ఉండదు. డేటింగ్ యాప్‌కు వచ్చేవాళ్లలో చాలామంది మాత్రం తోడు దొరికితే వెళ్లిపోదామనే వస్తారు. కంపెనీకేమో వాళ్లు ఉన్నన్నాళ్లే సబ్‌స్క్రిప్షన్ డబ్బులు. ఈ పేచీ అందరికీ తెలిసిందే. హింజ్ అనే డేటింగ్ యాప్ అయితే 'తొలగించడానికే తయారైన యాప్' అన్న అర్థం వచ్చే నినాదంతోనే ప్రచారం చేసుకుంది. యూజర్ మేలు, కంపెనీ లాభం ఒకే దారిలో లేనప్పుడు డిజైనర్ ఏం చేయాలన్న ప్రశ్న ఇంత సూటిగా ఎదురయ్యే రంగాలు తక్కువ. నాన్నగారికి కూడా ఇదే చెప్పండి. ముక్కూమొహం తెలియని ఇద్దరి మధ్య నమ్మకం, భద్రత, మర్యాద ఎలా నిలపాలన్నదే ఇందులో మీరు చదువుతున్న విషయం. ఆయన మాట కూడా తీసుకుని వేరే రంగంలో రెండో ప్రాజెక్టు ఒకటి చేస్తే మీ పోర్ట్‌ఫోలియోకే మంచిది. అయితే అది దీనికి బదులుగా కాదు.

ఇక అసలు పని. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే పరిశోధనా సంస్థ 2023లో ప్రచురించిన సర్వే ఒకటుంది. అంతకుముందు ఏడాది కాలంలో ఆన్‌లైన్ డేటింగ్ చేసిన ఆడవాళ్లలో 54 శాతం మంది, వచ్చే మెసేజ్‌ల సంఖ్య చూసి ఉక్కిరిబిక్కిరి అయ్యామన్నారు. మగవాళ్లలో 64 శాతం మంది, మెసేజ్‌లు రాకపోవడం వల్ల తమ మీద తమకే నమ్మకం సడలిందన్నారు. ఒకే రకం యాప్, రెండు వైపులా పూర్తిగా వేర్వేరు బాధలు. ఇప్పుడు మీ వాయిస్ నోట్‌ను ఈ వెలుగులో చూడండి. అసలే మెసేజ్‌లతో సతమతమవుతున్న అమ్మాయికి తెలియని గొంతుతో మరో 20 రికార్డింగులు వస్తే ఎలా ఉంటుంది? టెక్స్ట్ అయితే ఒక్క చూపులో పక్కన పెట్టేయొచ్చు, ఆడియో వింటే గానీ తెలియదు. అందులో ఏదైనా అసభ్యంగా ఉంటే విన్నాకే తెలుస్తుంది. మీ ఆలోచన తప్పని నేను తీర్పు చెప్పడం లేదు. ఇది యూజర్లను అడిగి తేల్చుకోవాల్సిన ప్రశ్న, మీరు అడగలేదు.

ఆరుగురైనా, ఎనిమిది మందైనా చాలు, కానీ అందరూ మీ క్లాస్‌మేట్లే కాకూడదు. 18 ఏళ్లు నిండినవాళ్లనే తీసుకోండి. ఇప్పుడు వాడుతున్నవాళ్లు ఎలాగూ ఉంటారు. వాడి విసిగిపోయి తీసేసినవాళ్లను తప్పకుండా కలవండి, ఈ ప్రాజెక్టుకు అందరికంటే ఎక్కువ చెప్పేది వాళ్లే. యాప్‌లో దొరికిన మనిషితో కలిసి ఉంటున్నవాళ్లు ఒకరిద్దరు దొరికితే మరీ మంచిది. తెలిసినవాళ్ల ద్వారా వాళ్లకు తెలిసినవాళ్లను పట్టుకోండి, చిన్న ఫారం ఒకటి పెట్టి మీకు సరిపోయేవాళ్లను ఎంచుకోండి. ఒక్కటి మాత్రం చేయొద్దు: అదే యాప్‌లో ప్రొఫైల్ పెట్టి, మ్యాచ్ అయినవాళ్లను మాటల్లోకి దింపి వివరాలు రాబట్టడం. వాళ్లు అక్కడికి వచ్చింది మీ ప్రాజెక్టు కోసం కాదు. అది మోసమే అవుతుంది.

కూర్చున్నాక ఏం అడగాలన్న దగ్గరే చాలామంది విద్యార్థులు తడబడతారు. 'వాయిస్ నోట్ ఉంటే వాడతారా?' అంటే ఎదుటివాళ్లు మర్యాదకైనా 'ఆ, వాడతాం' అంటారు. ఆ జవాబుతో మీకు ఒరిగేదేమీ లేదు. పైగా ఇది అందరూ తమను కాస్త మంచిగా చూపించుకునే విషయం. ఎలాంటి మనిషి కావాలని అడిగితే మంచి మనసు, హాస్యం, నిజాయితీ అంటారు. స్క్రీన్ మీద వేలు మాత్రం ఫొటో చూసి అర క్షణంలో కదిలిపోతుంది. అందులో అబద్ధమేమీ లేదు, తమ గురించి తాము నమ్మేది అదే. కాబట్టి అభిప్రాయం అడక్కండి, జరిగింది అడగండి. చివరిసారి యాప్ ఎప్పుడు తెరిచారు, అప్పుడు ఎక్కడున్నారు, ఎందుకు తెరవాలనిపించింది? చివరిగా మ్యాచ్ అయినవాళ్లతో మొదటి మాట ఎవరు కలిపారు, ఎక్కడ ఆగిపోయింది, ఆగినప్పుడు మీరేం అనుకున్నారు? ఎవరినైనా బ్లాక్ చేశారా, దానికి ముందు ఏం జరిగింది? ఇలా అడిగితే కథ వస్తుంది. కథలో యాప్ ఎక్కడ అడ్డుపడిందో మీకే కనిపిస్తుంది. అడిగాక ఊరుకోండి. రెండు మూడు క్షణాల మౌనం మీకు టెన్షన్‌గా ఉండొచ్చు, దాన్ని నింపే ప్రయత్నం చేయకండి. అసలు మాట చాలాసార్లు ఆ మౌనం తర్వాతే వస్తుంది. 'ఎందుకు మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తున్నారు' లాంటి ప్రశ్న నింద వేసినట్టు వినబడుతుంది. 'మళ్లీ ఇన్‌స్టాల్ చేసిన రోజు ఏం జరిగిందో చెప్పండి' అంటే అదే సంగతి నొప్పి లేకుండా బయటికి వస్తుంది.

వాళ్ల ఆంతరంగిక విషయాలు చెబుతున్నారు కాబట్టి ఇక్కడ మీ బాధ్యత మామూలు ప్రాజెక్టు కంటే ఎక్కువ. 2016లో కొందరు పరిశోధకులు ఓకేక్యుపిడ్ అనే డేటింగ్ సైట్ నుంచి దాదాపు 70,000 మంది ప్రొఫైళ్ల సమాచారం సేకరించి, ఎవరి అనుమతీ లేకుండా బహిరంగంగా పెట్టేశారు. యూజర్‌నేమ్‌లు, లైంగిక ఆసక్తులు కూడా అందులో ఉన్నాయి. సమాచారం ముందే ఆన్‌లైన్‌లో ఉందన్న వాళ్ల వాదనను పరిశోధనా ప్రపంచం గట్టిగా ఖండించింది. లైంగిక ఆసక్తిని ప్రత్యేక రక్షణ అవసరమైన సమాచారంగా యూరప్ డేటా రక్షణ చట్టం లెక్కగడుతుంది. మీది విద్యార్థి ప్రాజెక్టే అయినా జాగ్రత్త ఒకటే. ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, ఎప్పుడైనా ఆపేయొచ్చని చెప్పండి, పేర్లు మార్చండి, నోట్స్ రాసుకోవడం అయ్యాక రికార్డింగ్ తొలగించండి. ఎవరైనా ఉత్సాహంగా చాట్ స్క్రీన్‌షాట్లు చూపిస్తే చూడకండి, తీసుకోకండి. చాట్‌లో ఇద్దరున్నారు, అనుమతి ఒకరిదే. మీ పోర్ట్‌ఫోలియోలో కూడా నిజమైన ప్రొఫైల్ ఫొటోలు ఏవైనా ఉంటే ఇవాళే తీసేసి బొమ్మలు పెట్టండి. ఇంత జాగ్రత్త పడ్డారని కేస్ స్టడీలో (ప్రాజెక్టు ఎలా చేశారో వివరించే రాతలో) నాలుగు వాక్యాలు రాస్తే, రీసెర్చ్ తెలిసిన ఇంటర్వ్యూయర్ మిమ్మల్ని వేరే కంటితో చూస్తారు.

నోట్స్ అన్నీ చిన్న చిన్న చీటీలుగా రాసి, కలిసినవి ఒకచోట చేర్చడం మీ కోర్సులో నేర్పే ఉంటారు, దాని గురించి ఎక్కువ చెప్పను. అందులోంచి ఒక్క సమస్యే తీసుకోండి. ఉదాహరణకు 'మ్యాచ్ అవుతోంది గానీ మాట మొదలవడం లేదు' అన్నది తేలిందనుకుందాం. దీనికి పరిశ్రమ ఇప్పటికే రకరకాల జవాబులు ప్రయత్నించింది. బంబుల్ అనే డేటింగ్ యాప్ 2014లో వచ్చినప్పుడు, ఆడా మగా మ్యాచ్ అయితే మొదటి మెసేజ్ ఆడవాళ్లే పంపాలన్న నియమం పెట్టింది. ఆ పని కూడా భారమేనని తర్వాత తెలిసొచ్చినట్టుంది, 2024లో అమ్మాయి ముందే ఒక ప్రశ్న పెట్టుకుంటే అబ్బాయిలు దానికి జవాబిస్తూ మాట మొదలుపెట్టే వీలు తెచ్చింది. హింజ్‌లో మొత్తం ప్రొఫైల్‌ను కాకుండా ఫలానా ఫొటోనో, ఫలానా జవాబునో లైక్ చేస్తారు. దాంతో మాట్లాడటానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది. 2021లో టిండర్, అసభ్యంగా అనిపించే మెసేజ్ పంపబోతుంటే 'నిజంగా పంపాలా?' అని పంపేవాళ్లనే అడగడం మొదలుపెట్టింది. వీటిని కేస్ స్టడీలో కేవలం పోటీదారుల పట్టికగా పెట్టకండి. ఒక్కోటి ఎవరి బాధను తగ్గించింది, ఎవరి మీద కొత్త పని మోపింది అని రాయండి.

తర్వాత మీ పరిష్కారాన్ని నలుపు తెలుపు గీతల ప్రోటోటైప్‌గా (వాడి చూసే నమూనాగా) చేసి, కొత్తగా ఐదుగురికి ఇచ్చి వాడమనండి. వాడుతుంటే మీరు వివరణ ఇవ్వొద్దు. ఐదుగురితో పరీక్షిస్తే వాడకంలోని ఇబ్బందుల్లో చాలావరకు బయటపడతాయని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన మాట మీ కోర్సులో వినే ఉంటారు. ఆ మాట బటన్ కనబడలేదు, పదం అర్థం కాలేదు లాంటి ఇబ్బందుల గురించి. ఐదుగురిలో నలుగురికి నచ్చితే '80 శాతం యూజర్లకు నచ్చింది' అని రాయడానికి అది అనుమతి కాదు. ఈ వాక్యం నేను చూసిన పోర్ట్‌ఫోలియోల్లో చాలా తరచుగా కనిపిస్తుంది, అనుభవం ఉన్నవాళ్లకు ఆ ఒక్క వాక్యంతోనే మిగతా అంతటి మీదా అనుమానం వస్తుంది. 'ఐదుగురిలో నలుగురు' అనే రాయండి. అలాగే 'నా డిజైన్ వల్ల మ్యాచ్‌లు పెరిగాయి' అనకండి, మీ యాప్ ఎవరి ఫోన్‌లోనూ లేదు.

అయితే 'ఇది నిజంగా విడుదలైతే బాగా పనిచేసిందని ఎలా తెలుస్తుంది?' అని తప్పకుండా అడుగుతారు. యాప్‌లో గడిపే సమయం పెరగాలని చెబితే, ఇందాకటి పేచీని మీరు గమనించలేదని అర్థం. హింజ్ 2018లో 'వీ మెట్' అనే ఫీచర్ తెచ్చింది. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నవాళ్లను, నిజంగా కలిశారా, అలాంటి మనిషిని మళ్లీ కలవాలనుకుంటారా అని విడివిడిగా, రహస్యంగా అడుగుతుంది. కొలవాల్సింది యాప్ బయట జరుగుతోందని ఒప్పుకున్న ఫీచర్ అది. మీరు కూడా అలాంటి కొలమానం ఒకటి ఆలోచించుకుని వెళ్లండి.

కేస్ స్టడీ మళ్లీ రాసేటప్పుడు 40 స్క్రీన్లలో ఆరేడు మిగిలితే చాలు. పైన మీరు మొదట నమ్మింది రాయండి, ఆ తర్వాత విన్నది, దాని వల్ల మారింది. వాయిస్ నోట్ వద్దని యూజర్ల మాటల వల్ల తేలితే దాన్ని దాచకండి, ఎందుకు తీసేశారో ఒక పేజీ కేటాయించండి. ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నాక, ఇద్దరూ ఒప్పుకుంటేనే తెరుచుకునేలా అది మిగిలిందనుకోండి, మీ దగ్గర ఇప్పుడున్నదానికంటే ఎంతో బలమైన డిజైన్ ఉన్నట్టే. అభిరుచుల స్కోరును కూడా ఇదే గీటురాయి మీద పెట్టండి. 92 శాతం అని చూపించిన మనిషితో మాట కలవకపోతే యూజర్ యాప్‌ను నమ్మడం మానేస్తారా, తనను తాను నిందించుకుంటారా అన్నది అడిగి తెలుసుకోదగ్గ సంగతి.

అప్లై చేయడం ఆపొద్దు. కోర్సులో చేసిన వేరే ప్రాజెక్టు ఏదైనా ఉంటే దాన్ని ప్రస్తుతానికి ముందు పెట్టి, ఇది సిద్ధమయ్యాక పైకి మార్చండి. కేవలం యూఎక్స్ రీసెర్చర్ అనే పేరుతో ఫ్రెషర్లకు ఉద్యోగాలు తక్కువే, వాటికి సైకాలజీ, సోషియాలజీ లాంటివి చదివినవాళ్లు కూడా పోటీలో ఉంటారు. ప్రొడక్ట్ డిజైనర్, యూఎక్స్ డిజైనర్ పోస్టులకు వెళ్లండి, రీసెర్చ్ చేయగలనన్నది మీ బలంగా చెప్పండి. ఎవరైనా ఈలోపే ఇంటర్వ్యూకు పిలిచి, ఈ మార్పులు ఎవరు కోరారని మళ్లీ అడిగితే, 'మొదట నా ఊహతో చేశాను, ఇప్పుడు యూజర్లతో మాట్లాడుతున్నాను, ఇంతవరకు విన్నది ఇదీ' అని ఉన్నదున్నట్టు చెప్పండి. అందుకే ఆ మొదటి ఇద్దరు ముగ్గురినీ ఈ వారంలోనే కలవండి.