బిల్లు ఆలస్యమైతే సర్వర్ మార్చాలా?

ప్రశ్న: మాది చెన్నై ప్యారీస్ కార్నర్‌లో మందుల హోల్‌సేల్ షాపు. బిల్లింగ్ మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ మీద నడుస్తుంది. డేటా 20 జీబీ, ర్యామ్ 8 జీబీ, ఒక మామూలు హార్డ్‌డిస్క్. సాయంత్రం ముగ్గురు బిల్లులు కొడుతుంటే ఒక్కోటి సేవ్ కావడానికి అర నిమిషం పడుతోంది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 15 శాతం, డిస్క్ 100 శాతం చూపిస్తోంది. సీపీయూలో ఎక్కువ కోర్లున్న కొత్త సర్వర్ తీసుకోమంటున్నారు. తీసుకోవాలా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. మీ సీపీయూకి పనే లేదు, డిస్క్ డేటా ఎప్పుడు ఇస్తుందా అని కూర్చుంది. కోర్లు పెంచితే ఆ డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్ ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. హెడ్ కదిలే సమయం కూడా కలిపితే, చెల్లాచెదురుగా ఉన్న డేటాని సెకనుకి నూరుసార్లు చదవడమే గగనం. మీ బిల్లు ఒక్కటే స్టాకు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, పార్టీ బాకీ అంటూ ఎన్నో చోట్ల వెతుకుతుంది.

ముందు ర్యామ్ 32 జీబీ చేయండి. మీ 20 జీబీ డేటా ర్యామ్‌లోనే ఉంటే చదవడానికి ప్రతిసారీ డిస్క్‌లో వెతకక్కర్లేదు. పాత ర్యామ్ మీద స్టిక్కర్‌ని ఫోటో తీసుకుని ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్లండి. సర్వర్ బోర్డులు అన్ని రకాల ర్యామ్‌నీ తీసుకోవు. వేశాక మైఎస్‌క్యూఎల్ సెట్టింగ్స్‌లో ఇన్నోడీబీ బఫర్ పూల్ సైజు, అంటే డేటాని ఉంచుకోవడానికి అది ర్యామ్‌లో వాడుకునే చోటు, 22 జీబీకి పెంచండి. ఎవరూ ముట్టుకోకపోతే అది 128 ఎంబీ దగ్గరే ఉంటుంది, కొన్న ర్యామంతా ఊరికే పడి ఉంటుంది. చాలా షాపుల్లో ఇదే మర్చిపోతారు.

చదవడం దీంతో తేలికవుతుంది. సేవ్ మాత్రం ప్రతిసారీ డిస్క్‌కి చేరాల్సిందే, దానికి తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, ఎస్‌ఎస్‌డీ కావాలి. ల్యాప్‌టాప్‌లకి వేసే చవక రకం వద్దు: వాటిలో చాలావరకు కాసేపు పరిగెత్తి, ఎడతెగకుండా రాస్తుంటే నెమ్మదిస్తాయి. 'పవర్ లాస్ ప్రొటెక్షన్' ఉన్న సర్వర్ రకం అడగండి. కరెంటు పోయినా, అప్పటికి తన దగ్గర ఉన్న డేటాని రాసి ముగించేంత కరెంటు అందులోని కెపాసిటర్లు దాచి ఉంచుతాయి. అలాంటివి రెండు కొని, రెండింటిలోనూ ఒకే డేటా ఉండేలా రెయిడ్ 1లో పెట్టండి. రెయిడ్ 5 (డేటానీ, దాన్ని తిరిగి రాబట్టే లెక్కనీ కనీసం మూడు డిస్కులకి పంచే పద్ధతి) అంటారేమో, వద్దు. అందులో చిన్న రాతకి కూడా రెండుసార్లు చదివి రెండుసార్లు రాయాలి.

ప్రతి సేవ్‌నీ వెంటనే డిస్క్‌కి చేర్చాలా వద్దా అని చెప్పే లాగ్ ఫ్లష్ సెట్టింగ్‌ని 2 చేస్తే ఖర్చు లేకుండా స్పీడొస్తుందని ఎవరైనా చెబితే దయచేసి ఒప్పుకోకండి. హఠాత్తుగా కరెంటు పోతే చివరి సెకను బిల్లులు గల్లంతవుతాయి. మందుల లెక్కలో అది చిన్న విషయం కాదు.

డిస్క్ మార్చడం ఆదివారం పెట్టుకోండి. ముందురోజు బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి, నిన్నటి బిల్లు తెరుచుకుంటోందో లేదో చూశాకే పాతది విప్పండి.