స్పీచ్ ఎట్లా మొదలుపెట్టాలి?

సందేహం: మాది తిరుపతి సార్, డిగ్రీ చదువుతున్నాను. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి కాలేజీలో గిడుగు రామమూర్తి గారి మీద ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. ఇట్లా రాసుకున్నాను: "వేదికను అలంకరించియున్న గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారు, ముఖ్య అతిథి గారికి, అధ్యాపకులకు మరియు నా తోటి విద్యార్థులారా, మీ అందరికీ నా యొక్క హృదయపూర్వక నమస్సుమాంజలులు తెలియజేసుకుంటున్నాను. గిడుగు వారు 1863లో జన్మించారు..." ఇందులో తప్పులున్నాయా? పద్యంతో మొదలుపెట్టొచ్చా?

సమాధానం: తప్పులుండాయమ్మా, ముందు అవి చూద్దాం. ప్రిన్సిపాల్ గారిని పిలిచినావు, అతిథికీ అధ్యాపకులకూ "కి, కు" పెట్టినావు, మళ్ళీ "విద్యార్థులారా" అని పిలుపులోకి వచ్చినావు, మూడూ ఒకే వాక్యంలో కలిసిపోయినాయి. పిలిస్తే అందర్నీ పిలువు, లేదా అందరికీ "కి, కు" పెట్టి నమస్కారం అను. "నా యొక్క"లో యొక్క దండగ, "నా" చాలు. "మరియు" మన నోట్లో పుట్టే మాటే కాదు. "తెలియజేసుకుంటున్నాను" కూడా తీసేయ్, ఎదురుగా నిలబడి చేతులు జోడిస్తున్నావు కదా, ఇంక తెలియజేసేదేముంది. "ప్రిన్సిపాల్ గారికి, ముఖ్య అతిథికి, మా లెక్చరర్లకు, ఫ్రెండ్స్ అందరికీ నమస్కారం" అంటే మర్యాదకేం లోటు రాదు, పది సెకన్లలో అయిపోతుంది.

ఇంకొకటి, నాకు నిజంగా బాధనిపించింది ఇదే. బడి పుస్తకాల్లో జనం మాట్లాడే తెలుగు ఉండాలని గ్రాంథికం వాళ్ళతో ఏళ్ళ తరబడి వాదించిన మనిషి ఆయన. ఆయన పుట్టినరోజు నాడు, ఆయన గురించే మాట్లాడతా "అలంకరించియున్న" అని ఎత్తుకుంటే ఎట్లమ్మా!

ఇంక నమస్కారం తర్వాత వచ్చే వాక్యం, అసలు పని దానిదే. పుట్టిన ఏడాదితో మొదలుపెడితే వినేవాళ్ళకు పాఠం మొదలైందనిపిస్తుంది, వెనక బెంచీలవాళ్ళు ఫోన్లు తీస్తారు. ఆ 1863 మధ్యలో యాడైనా చెప్పుకోవచ్చులే. ముందు ఆయన చేసిన పని ఒకటి కళ్ళకు కట్టించు. నేనైతే ఇట్లా రాస్తాను:

"పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకునే ఒక తెలుగు అయ్యవారు, ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల మాట నేర్చుకున్నాడు. నేర్చుకుని ఊరుకోలేదు, వాళ్ళ పిల్లల కోసం వాళ్ళ మాటలోనే పుస్తకాలు రాసినాడు. అట్లాంటి మనిషి, మన పిల్లలు ఇంట్లో ఒక తెలుగు, బడిలో ఇంకో తెలుగు నేర్చుకుంటా ఉంటే చూస్తా కూర్చుంటాడా?"

చూడు, ఇందులో ఆయన పేరే రాలేదు, కానీ ఎవరు, ఏం చేసినాడు, తర్వాత నువ్వు దేని గురించి చెప్పబోతున్నావు, అన్నీ వచ్చేసినాయి, పైగా ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే మిగతా స్పీచ్ అయిపోతుంది. "ఈ రోజు నేను మాట్లాడబోయే అంశం ఏమనగా" అనే వాక్యం అవసరమే పడదు.

రేపు అన్నమయ్య మీద మాట్లాడమన్నా ఇదే పద్ధతి. 1408లో తాళ్ళపాకలో పుట్టినాడని ఎత్తుకోవద్దు. తిరుపతిలో వినేవాళ్ళందరూ చానాసార్లు కొండెక్కినవాళ్ళే, కాబట్టి గుడిలో హుండీ దగ్గరుండే సంకీర్తన భండారం గురించి, ఆయన పాటలు చెక్కి ఒకప్పుడు అందులో దాచిపెట్టిన రాగిరేకుల గురించి చెప్పి మొదలుపెట్టు, వాళ్ళు దాని పక్కనుంచే నడిచిపోయి ఉంటారు.

పద్యం పాడొచ్చు, రెండు షరతులు. నీ మొదటి మాటకు దానికి సంబంధం ఉండాలి, కాగితం చూడకుండా తడబడకుండా రావాలి. రెండిట్లో ఒకటి లేకపోయినా మానేయ్.

ఈ మొదలు ముందే రాయాలని కూర్చోవద్దు. ఐదు నిమిషాల్లో ఏం చెప్పాలో మొత్తం రాసుకున్నాక, అందులో నీకు బాగా నచ్చిన సంగతి ఏదో చూసి దాన్ని ముందుకు తెచ్చుకో. ఆ మూడు వాక్యాలు కంఠతా రావాలి, మిగతాదానికి చిన్న చీటీ పెట్టుకుంటే ఫర్వాలేదు. ఇంట్లో ఎవరికైనా గట్టిగా చదివి వినిపించు, యాడ నీ నోరు తిరగలేదో అక్కడ మాట మార్చు, మనం ఇంట్లో అనే మాట పెట్టు, "చానా" అన్నా ఏం కాదు.