పాత రచనల నడుమ కొత్త స్వరం

ప్రశ్న: మా దగ్గర ఆర్కెస్ట్రా అంటే వినాయక నవరాత్రుల్లో మండపం ముందు సినిమా పాటలు పాడే బృందమే. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి పాశ్చాత్య వాద్యబృంద కచేరీకి నాకూ టికెట్టు తీసింది. మొదట మొజార్ట్ రచన, చివర బీథోవెన్ అయిదో సింఫనీ (వాద్యబృందం కోసం కొన్ని భాగాలుగా రాసిన పెద్ద రచన), నడుమ ఈ మధ్యనే రాసిన కొత్త రచన ఉన్నాయట. పేరున్న వాటి మధ్య ఎవరూ వినని దాన్ని ఎందుకు ఇరికిస్తారు? చప్పట్లు ఎప్పుడు కొట్టాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, ‘ఇరికించడం’ అని మీరు సరిగానే అన్నారు. కొత్త రచనను మొదట పెడితే ఆలస్యంగా వచ్చేవారు తప్పించుకుంటారు, చివర పెడితే కొందరు విరామంలోనే ఇంటిదారి పడతారు. అందుకని తలుపులు మూశాక, విరామానికి ముందు వాయించడం నిర్వాహకులకు అలవాటు. ఇందులో కొంత వ్యాపారం ఉన్న మాట నిజమే కానీ, నాకు అది తప్పుగా తోచదు.

ఎందుకంటే మీరు ఎదురుచూస్తున్న అయిదో సింఫనీ కూడా ఒకనాడు ఎవరూ వినని రచనే. 1808 డిసెంబర్ 22న వియన్నాలో, చలికి వణికించే నాటకశాలలో, సుమారు నాలుగు గంటలు సాగిన కచేరీలో అది ఆరో సింఫనీతో పాటు తొలిసారి వినిపించింది. సాధన చాలక ఆ కచేరీ చివరి అంశంలో వాద్యకారులు తడబడితే, బీథోవెన్ మధ్యలో ఆపించి మళ్లీ మొదలుపెట్టించాడు. ఆ రాత్రి వినగలిగినంత ఓపిక చూపిన శ్రోతల స్థానంలోనే, కొత్త రచన మొదలయ్యేటప్పుడు మీరు కూర్చుంటారు.

దాన్ని వినేటప్పుడు రాగం కోసం వెతకకండి. మన కచేరీలో రాగం ఒక్క దారిన నడుస్తుంది, అక్కడ నాలుగైదు దారులు ఒకేసారి సాగుతాయి. ఏదో ఒక వాద్యాన్ని, ఉదాహరణకు వేణువును, పట్టుకొని దాని వెంటే నడిస్తే మిగతావి వాటంతటవే చెవిన పడతాయి. కొత్తదన్న ఒక్క కారణంతో మెచ్చుకోవలసిన పని మాత్రం లేదు.

ఇక చప్పట్ల సంగతి. సింఫనీలో సాధారణంగా నాలుగు భాగాలుంటాయి, వాటి నడుమ నిశ్శబ్దంగా ఉండటం నేటి మర్యాద. బీథోవెన్ కాలంలో ఆ నియమమే లేదు. 1813లో ఏడో సింఫనీ తొలి ప్రదర్శనలో శ్రోతలు రెండో భాగాన్ని మళ్లీ వాయించమని పట్టుబట్టి వాయింపించుకున్నారు. అయిదో సింఫనీలో మూడో భాగం ఆగకుండా నాలుగో భాగంలోకి దూకుతుంది కనుక అక్కడ సందేహమే రాదు. వెనుక వరుసలో మూడు భాగాల పాటు వాద్యాలను ఒడిలో పెట్టుకొని ఊరకే కూర్చున్న ట్రాంబోన్ (పొడవాటి ఇత్తడి ఊదే వాద్యం) వాద్యకారులు అప్పుడే మొదటిసారి వాటిని పైకెత్తుతారు, వారిని గమనించండి. చివర సంచాలకుడు చేతులు దించి మీ వైపు తిరిగాక నిర్భయంగా కొట్టండి.

కాస్త ముందుగా వెళ్లి కూర్చోండి. డప్పు వాయించేవారు మొదట దాన్ని మంటకు కాచి, వేలితో తట్టి చూసుకోవడం మీరెరిగినదే. అక్కడ ఓబో అనే సన్నటి ఊదే వాద్యం సాధారణంగా సెకనుకు 440 కంపనాలున్న ఒక స్వరాన్ని నిలిపి ఊదుతుంది, వయొలిన్ల వారందరూ మరలు తిప్పుతూ తమ తీగలను దానికి కలుపుకుంటారు.