ఫిట్టర్ అరచెయ్యి

తమ్ముడూ,

నువ్వు పంపిన బేరింగ్ బ్రోషర్ చదివాను. మొదటి పేజీలోనే "ప్రపంచస్థాయి", "అత్యాధునిక", "విశ్వసనీయ" అని వరసగా కనిపించేసరికి పక్కన పెట్టేద్దామనుకున్నాను. కానీ నాలుగో పేజీలో, నైట్ షిఫ్ట్ ఫిట్టర్ మోటారు మీద అరచెయ్యి ఆనించి వేడెక్కిందేమో చూసుకుంటాడని రాశావు చూడు, ఆ వాక్యం కోసమే ఈ ఉత్తరం.

ఇంత చప్పటి వస్తువు గురించి ఆసక్తిగా ఎలా రాయాలని అడిగావు. చప్పన ఎవరికి? అర్ధరాత్రి బేరింగ్ పట్టేసి లైను ఆగితే పైవాళ్ళ ఫోన్లకు జవాబు చెప్పుకునే మెయింటెనెన్స్ ఇంజనీరుకా? అది పాడవడం నువ్వు ఎప్పుడూ చూడలేదు, అందుకే చప్పగా ఉంది.

నేనూ చూడకుండానే మొదలుపెట్టాను. పంపుల బేరింగులకు కేటలాగ్ రాసి ఫ్యాక్టరీకి పట్టుకెళ్తే, ఒక పెద్దాయన రెండు పేజీలు తిప్పి మూసేసి, విప్పి పడేసిన 6205 నంబరు బాల్ బేరింగ్ ఒకటి నా చేతిలో పెట్టాడు. తిప్పితే ఇసుక నలిగినట్టు కరకరలాడింది. గ్రీజు నల్లబడి గట్టిపడి మాడు వాసన కొడుతోంది. "సీలు లేనిది వేశారు, లోపలికి దుమ్ము పోయింది" అన్నాడు, అంతే. ఆ రాత్రి కేటలాగ్ మొత్తం తిరగరాశాను. దుమ్మున్నచోట రెండువైపులా రబ్బరు సీలుండే 2ఆర్‌ఎస్ ఎందుకు వేయాలి, స్పీడు బాగా ఎక్కువైతే అదే సీలు రాపిడికి వేడెక్కుతుంది కాబట్టి రేకు షీల్డున్న జెడ్‌జెడ్ ఎక్కడ మేలు, లోడు సగానికి తగ్గితే లెక్క ప్రకారం ఆయుష్షు 8 రెట్లు ఎలా అవుతుంది, అన్నీ. మేనేజరు అంకెలన్నీ కొట్టేసి పైన "నాణ్యతకు మారుపేరు" అని పెట్టించాడు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు నాకు. ఇప్పుడేమో అందరూ ఎమోషన్ తీసుకురండి అంటున్నారు. కొనేవాడు మాత్రం తన 25 మిల్లీమీటర్ల షాఫ్టుకు సరిపోతుందా, తన దగ్గరున్న వేడికి తట్టుకుంటుందా అనే చూస్తాడు. ఎక్కడ పనికిరాదో కూడా రాయి, అప్పుడే మిగతాది నమ్ముతాడు.

ఫీజు సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఆ నాలుగో పేజీ వాక్యాన్ని మొదటికి తీసుకురా. బేరింగ్ 70 డిగ్రీలు దాటాక, ప్రతి 15 డిగ్రీలకు గ్రీజు ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. ఆయన అరచెయ్యి వెతికేది ఆ వేడినే. వేడి తగిలాక ఏం చేశాడు, మోటారు ఆపాడా, ఎవరినైనా లేపాడా? వెళ్ళి అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి పంపు.