గేమ్ సంగీతం మొదలుపెట్టేముందు మీ కీబోర్డును వెనక్కి తిప్పి చూడండి

ప్రశ్న: నేను రాజమహేంద్రవరంలో ఉంటాను. ఆరేళ్లుగా పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో యమహా కీబోర్డు వాయిస్తున్నాను. నా స్నేహితుడు ఫోనులో ఆడుకునే చిన్న గేమ్ ఒకటి తయారుచేస్తున్నాడు, దానికి సంగీతం నన్నే చేయమన్నాడు. నా దగ్గర 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ లాప్‌టాప్ ఉంది. 40,000 రూపాయలు కూడబెట్టాను. మిడి కీబోర్డు, ఆడియో ఇంటర్‌ఫేస్, స్టూడియో స్పీకర్లు, మంచి సాఫ్ట్‌వేర్ కొనాలని ఉంది. సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం తలా ఒక పేరు చెబుతున్నారు. ఏది కొనమంటారు?

జవాబు: మీరు రాసిన నాలుగింటిలో మూడు ఇప్పుడు అక్కరలేదు. దుకాణంవాళ్లు నన్ను తిట్టుకున్నా సరే.

ముందు మీ యమహాను వెనక్కి తిప్పి చూడండి. చదరంగా ఉండే యూఎస్‌బీ రంధ్రం, దాని దగ్గర ‘టు హోస్ట్’ అన్న అక్షరాలు ఉన్నాయా? ఉంటే మిడి కీబోర్డు మీ ఇంట్లో ఉన్నట్టే. అందులో పట్టేది ప్రింటరుకు వాడే మామూలు కేబులే. లాప్‌టాప్‌కు తగిలించండి, ఏ మీట నొక్కారో కంప్యూటర్‌కు చేరిపోతుంది. ఆరేళ్లుగా వేళ్లకు అలవాటైన మీటలను వదిలేసి పాతిక మీటల బుల్లి కీబోర్డు కొంటే, దాని మీద మీ రెండు చేతులూ సరిగా పట్టవు.

ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె, మైకు పెట్టి గొంతునో వేణువునో రికార్డు చేసేవాళ్లకు కావాలి. మీట నొక్కిన తర్వాత శబ్దం ఆలస్యంగా వినిపిస్తోందంటే చాలాసార్లు విండోస్ మామూలు డ్రైవరే కారణం. ఏషియోఫోర్ఆల్ అనే ఉచిత డ్రైవరు వేసుకుని బఫర్‌ను (శబ్దాన్ని వినిపించేముందు కాస్త పోగుచేసుకునే నిల్వ) 256 శాంపిళ్లకు దించండి. 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48,000 శాంపిళ్లు) దగ్గర ఆ బఫర్ వల్ల అయ్యే ఆలస్యం 5 మిల్లీసెకన్ల పైచిలుకు, అంతే. ఇక స్పీకర్ల మాట: ఫ్యాను తిరిగే, గోడలు ప్రతిధ్వనించే గదిలో అవి మీకు నిజం చెప్పవు.

డబ్బు రెండు చోట్ల పెట్టండి. లాప్‌టాప్‌లో వీలుంటే ర్యామ్ 16 జీబీకి పెంచండి (కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, ముందు మెకానిక్‌ను అడగండి). రెండోది, చెవులను పూర్తిగా కప్పే, వైరు ఉన్న హెడ్‌ఫోన్స్. సోనీ ఎండీఆర్-7506, ఆడియో-టెక్నికా ఎం40ఎక్స్, రెండూ నమ్మదగినవే. బ్లూటూత్ మాత్రం వద్దు, వాయించేటప్పుడు చెయ్యి ఒకచోట, చెవి ఒకచోట అవుతుంది.

సాఫ్ట్‌వేర్‌కు నా జవాబు రీపర్. 60 రోజులు అన్ని సౌకర్యాలతోనూ ఉచితంగా వాడుకోవచ్చు, నచ్చితే మీలాంటి వ్యక్తులకు లైసెన్సు 60 డాలర్లు. ‘అండర్‌టేల్’ గేమ్ సంగీతాన్ని దాన్ని తయారుచేసిన టోబీ ఫాక్స్ ఎఫ్‌ఎల్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌లో చేశాడు కదా అని మీ స్నేహితులు వాదించవచ్చు. అదీ మంచిదే, ఒకసారి కొంటే కొత్త వెర్షన్లు జీవితాంతం ఉచితం. కానీ దాని ట్రయల్‌లో పని దాచుకోగలరు, మళ్లీ తెరవాలంటే కొనక తప్పదు. రీపర్‌కూ ఒక లోటుంది: వాయిద్యాలు దాదాపు ఉండవు, సామాను చేరని అద్దె ఇల్లులా ఉంటుంది. సింథ్ శబ్దాలకు సర్జ్ ఎక్స్‌టీ, ఆర్కెస్ట్రాకు బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్ దించుకోండి, రెండూ ఉచితమే.

అసలు నేను రీపర్ అనడానికి కారణం లూప్. పెళ్లిలో పాట ఎప్పుడు ఆపాలో మీకు తెలుసు. ఆటగాడు ఒకే మెట్టు దగ్గర ఇరవైసార్లు పడిపోతుంటే సంగీతం ఇరవైసార్లు తిరగాల్సిందే, అతుకు వినపడకూడదు. నా మొదటి గేమ్‌కు ట్రాక్‌ను ఎంపీ3గా ఇచ్చాను. ప్రతి చుట్టు చివరా ఎక్కిళ్లు వచ్చినట్టు చిన్న ఖాళీ. వారం రోజులు నా తాళాన్నే అనుమానించాను. తప్పు ఫార్మాట్‌ది: ఎంపీ3గా మార్చేటప్పుడు ఫైలు ముందూ వెనకా కాస్త నిశ్శబ్దం చేరుతుంది. ఓజీజీ గానీ వేవ్ గానీ ఇవ్వండి.

ఇంకో చిక్కు, రెవర్బ్, అంటే స్వరం ఆగాక కూడా మిగిలే మోత. చివరి స్వరం మోత ఇంకా గాలిలో ఉండగానే ఫైలు తెగిపోతుంది. దానికి ఇలా చేయండి. 120 టెంపోలో, బారుకు నాలుగు బీట్ల చొప్పున 32 బార్ల ట్రాక్ అనుకుందాం, సరిగ్గా 64 సెకన్లు. దాన్నే పక్కపక్కన రెండుసార్లు పెట్టండి. రీపర్‌లో రెండో విడతకు మాత్రమే రీజియన్ (హద్దులు పెట్టిన భాగం) గీసి, అంతవరకే రెండర్ చేయండి, అంటే ఆడియో ఫైలుగా మార్చండి. మొదటి విడత తోక రెండో విడత మొదట్లో కలిసిపోతుంది. ఇప్పుడు అతుకు ఎక్కడుందో మీకే దొరకదు.

రెండర్ అయ్యాక ఫోను స్పీకర్లో వినండి. హెడ్‌ఫోన్స్‌లో గుండె అదిరించిన బేస్, మృదంగం ఎడమవైపు గుంకీ ఫోనులో మాయమైపోతాయి. అదే బేస్‌ను ఒక స్థాయి పైన ఇంకో శబ్దంతో మెల్లగా జోడిస్తే నిలబడుతుంది.

ప్రశ్న: గేమ్‌లో సంగీతాన్ని ఆటకు తగ్గట్టు నడిపించే ఎఫ్‌మాడ్, వైజ్ సాఫ్ట్‌వేర్లు కూడా నేర్చుకోవాలా? (విజయవాడ నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: పెద్ద స్టూడియోలో ఉద్యోగం కావాలంటే నేర్చుకోవాలి, రెండూ నేర్చుకోవడానికి ఉచితంగానే దొరుకుతాయి. అంతకుముందు ఈ చిన్న పని చేయండి. ఒకే టెంపోలో, ఒకే నిడివిలో మూడు ఫైళ్లు: శ్రుతి, తాళవాద్యం, స్వరం. గేమ్‌లు తయారుచేసే గోడో ఇంజిన్‌లో మూడింటినీ ఒకేసారి మొదలుపెట్టి, శత్రువు దగ్గరయ్యేదాకా తాళవాద్యం శబ్దాన్ని సున్నాలో ఉంచండి. 1978లో ‘స్పేస్ ఇన్వేడర్స్’ అనే గేమ్ నాలుగే నాలుగు స్వరాల వేగం పెంచుకుంటూ పోయి ఆటగాళ్లకు చెమటలు పట్టించింది. మీ చేతిలో మూడు పూర్తి ట్రాకులున్నాయి.