నియంత్రణ పోతే పెరగాలి కదా?

సందేహం: మాది రాజోలు దగ్గర ఒక లంక. నాన్నగారికి కాళ్లు వాచాయి, మూత్రంలో ప్రోటీన్ పోతోందన్నారు. ఆయనకిచ్చిన కరపత్రంలో ‘పాదకణాల్లో జన్యు నియంత్రణ దెబ్బతిని నెఫ్రిన్ తగ్గుతుంది’ అని ఉంది. ఆయన తన పాదాలు చూసుకుని, ‘‘జబ్బు కిడ్నీలో కాదా? అయినా నియంత్రణ పోతే పెరగాలి గానీ తగ్గడమేంటి?’’ అన్నారు. వాక్యంలో తప్పుందా?

సమాధానం: శాస్త్రపరంగా లేదు. కానీ మీ నాన్నగారి ప్రశ్నలు రెండూ న్యాయమైనవే.

పాదకణాలంటే పోడోసైట్లు. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నని నాళాలను పాదాల్లాంటి కొసలతో చుట్టుకుని ఉంటాయి. పేరు పెట్టినవాళ్లు ‘పాదాలు గల కణాలు’ అనుకున్నారు, మనం ‘పాదాల యొక్క కణాలు’ అని షష్ఠీ తత్పురుషం చేసుకుంటాం. కాళ్లు వాచిన మనిషి ఇంకెలా చదువుతాడు?

నియంత్రణ సంగతి ఇంకా గమ్మత్తు. ధరల నియంత్రణ, కాలుష్య నియంత్రణ, కుటుంబ నియంత్రణ అని విని విని మన చెవికి అది తగ్గించడమే అయిపోయింది. సంస్కృతంలో ‘నియంత’ అంటే రథసారథి కూడా. పగ్గం బిగిస్తాడు, వదులుతాడు, గుర్రాల్ని తోలుతాడు. పాపం, తెలుగులోకొచ్చి సర్వాధికారి అయిపోయాడు! జన్యుశాస్త్రం వాడేది ఆ సారథి అర్థంలోనే.

మీ కాలువ మీద లస్కరునే చూడండి. తలుపు దించడమే కాదు, ఎత్తడమూ ఆయన పనే. ఎత్తేవాడు లేకపోతే చేను ఎండుతుంది. పోడోసైట్లలో డబ్ల్యూటీ1 అనే ప్రోటీన్ అలాంటి లస్కరు. 1998లో గుర్తించిన నెఫ్రిన్ జన్యువును పని చేయించేవాటిలో అదొకటి. అది సరిగా లేకపోతే నెఫ్రిన్ తయారీ తగ్గుతుంది. పోడోసైట్ల పాదాల మధ్య సందుల్లో జల్లెడలా అల్లుకునేవాటిలో ముఖ్యమైన ప్రోటీన్ నెఫ్రినే. అది తగ్గితే రక్తంలో ఉండాల్సిన ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి జారుతుంది. మూత్రంలో నురగ, కాళ్ల వాపు అందుకే.

(ప్రోటీన్‌ను ‘మాంసకృత్తు’ అనకపోవడం మాత్రం ఆ కరపత్రం చేసిన మేలు. మాంసాన్ని చేసేదని దాని అర్థం. జల్లెడకు ఆ పేరేం నప్పుతుంది?)

పాఠ్యపుస్తకంలో నియంత్రణ ఉండనివ్వండి. రోగి చేతికిచ్చే కాగితంలో నేనైతే ‘అజమాయిషీ’ అంటాను. పారసీలో పరీక్ష అనే అర్థమున్న మాట మన దగ్గర దగ్గరుండి పని నడిపించడమైంది. అందులో తగ్గించడమనే వాసన లేదు. నాన్నగారికి ఇలా చదివి వినిపించండి: ‘కిడ్నీలో రక్తం వడకట్టే పోడోసైట్లలో జన్యువుల మీద అజమాయిషీ చెడి, నెఫ్రిన్ తయారీ తగ్గుతుంది.’